హైదరాబాద్‌లో ఏ కార్యక్రమం ఎప్పుడుంటుందో ముందే తెలియాలంటే

మీరు మీ పోస్టులో, కొండాపూర్ వచ్చి ఏడాది దాటిందనీ, నాట్యం, సంగీతం, నాటకం అన్నీ ఇష్టమే అయినా ప్రతిసారీ మర్నాడు పేపర్లో ఫొటో చూశాకే ‘అయ్యో, నిన్న ఇది జరిగిందా’ అనుకుంటున్నాననీ రాశారు. రాబోయే నెలల్లో ఏమేం ఉంటాయి, ఎక్కడ చూసుకోవాలి, ఎనిమిదేళ్ల పాపని తీసుకెళ్లొచ్చా అని అడిగారు. సంక్రాంతికి ఊరి నుంచి వచ్చే అమ్మగారికి పద్యాలన్నా నాటకాలన్నా ప్రాణం కాబట్టి ఆవిడకి ఏం చూపించాలో చెప్పమన్నారు. నేను ఇరవై ఆరేళ్లుగా ఈ నగరంలో సభలకు వెళ్తున్నాను. అందులో పదేళ్లు ఒక చిన్న సాంస్కృతిక సంస్థ కోసం హాలు మాట్లాడటం, ఆహ్వానాలు పంచడం, వచ్చే కళాకారులకు రైలు టికెట్లు తీయడం లాంటి పనులు చేశాను. అందుకని కుర్చీలో కూర్చునే వైపు నుంచీ, తెర వెనక వైపు నుంచీ కూడా చెప్తాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

టికెట్లు అమ్మే యాప్‌లలో మీకు కనిపించేది ఇక్కడ జరిగేదాంట్లో కొంచెమే. స్టాండప్ కామెడీ, పేరున్న గాయకుల కచేరీలు అక్కడ దొరుకుతాయి. కూచిపూడి, కర్ణాటక సంగీతం, అవధానం, పద్యనాటకం, కవి సమ్మేళనం లాంటివాటికి చాలావరకు ప్రవేశం ఉచితం. అమ్మడానికి టికెట్టే లేనప్పుడు వాళ్లు యాప్ దాకా పోరు. ఇంకో సంగతి, నిర్వాహకులకే చివరి వారం దాకా ఏదీ ఖాయం కాదు. హాలు దొరకాలి, డబ్బిచ్చే దాత ఒప్పుకోవాలి, ముఖ్య అతిథి తనకు వీలయ్యే వేళ చెప్పాలి. ఈ మూడూ కుదిరాకే ఆహ్వానం తయారవుతుంది. ఇప్పుడు అచ్చు వేయించేవాళ్లు కూడా తక్కువ, వాట్సాప్‌లో బొమ్మగా వస్తుంది, అదీ నాలుగైదు రోజుల ముందు. మీకు తెలియకపోవడంలో మీ తప్పేమీ లేదు.

కానీ ఒక కిటుకు ఉంది. ఆహ్వానం ఆలస్యంగా వచ్చినా ఆ తేదీ చాలాసార్లు ఏళ్ల తరబడి అదే. ఈ నగరంలో కార్యక్రమాలు మూడు క్యాలెండర్ల మీద నడుస్తాయి: మహనీయుల జయంతులు, వర్ధంతులు ఒకటి, తిథులు రెండోది, చలికాలం మూడోది. ఈ మూడూ మీ ఫోన్లో వేసుకుంటే, ఏ వారం ఏ హాలు వైపు చూడాలో ఎవరూ చెప్పకుండానే మీకు తెలుస్తుంది.

మొదటిది చాలా తేలిక. ఘంటసాల గారు పుట్టింది 1922 డిసెంబర్ 4న, పోయింది 1974 ఫిబ్రవరి 11న. ఈ రెండు తేదీల చుట్టూ వారం రోజుల పాటు నగరంలో ఎక్కడో ఒకచోట ఆయన పాటల సభ ఉంటుంది, ఒక్కో సాయంత్రం రెండు మూడు చోట్ల కూడా ఉంటుంది. బాలు గారికి జూన్ 4, సెప్టెంబర్ 25. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం, ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, దాన్ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటారు. ఆగస్టు 2 బళ్లారి రాఘవ జయంతి. నాటకం ఇష్టమైతే ఈ మూడు తేదీలూ వదలకండి. ఏప్రిల్ 29 ప్రపంచ నృత్య దినోత్సవం. సాహిత్యానికి జూలై 22 దాశరథి, జూలై 29 సినారె, ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పేరున తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబర్ 9 కాళోజీ పేరున తెలంగాణ భాషా దినోత్సవం, సెప్టెంబర్ 21 గురజాడ. అసలు తేదీ పనిదినమైతే దగ్గర్లోని శని, ఆదివారాలు చూసుకోండి.

రెండోది తిథుల క్యాలెండర్. ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది కాబట్టి ఉగాదికి పంచాంగం కొనగానే వీటిని గుర్తుపెట్టుకోవాలి. ఉగాది నాడు పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం. అక్కడి నుంచి శ్రీరామనవమి దాకా గుళ్లలో కచేరీలు. ఆషాఢంలో బోనాలు: ముందు గోల్కొండ, తర్వాత లష్కర్ అంటే సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజ. బోనాలంటే కేవలం జాతర అనుకునేవాళ్లు ఒక్కసారి పోతరాజుల నడక, డప్పు వరసలు దగ్గర నుంచి చూడాలి. ఒక్కో సందర్భానికి దరువు మారుతుంది. పెత్రమాస అంటే మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలై తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. పాపని ఊరికే చూడటానికి తీసుకెళ్లకండి, మీ అపార్ట్‌మెంట్‌లోనో పక్క కాలనీలోనో పేర్చేవాళ్లతో కూర్చోబెట్టండి. తంగేడు, గునుగు, కట్ల పూలు ఏ వరస తర్వాత ఏది పెట్టాలో చేతులతో నేర్చుకుంటుంది, పాట దాని వెంటే వస్తుంది.

మొహర్రం పదో రోజు డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బయల్దేరే ఊరేగింపు గురించి కూడా కొందరు నన్ను కార్యక్రమాల జాబితాలో కలిపి అడుగుతారు. అది సంతాపం. వెళ్లాలనిపిస్తే వెళ్లండి, ఎవరూ వద్దనరు, మర్సియాలు అనే శోకగీతాలు వినండి. కానీ కెమెరా జేబులోనే ఉంచండి.

తిథుల్లో మీ అమ్మగారు ఇక్కడ ఉండే రోజుల్లో వచ్చేది ఒకటుంది. పుష్య బహుళ పంచమి, త్యాగరాజస్వామి ఆరాధన. 1847 జనవరిలో ఆయన సిద్ధి పొందిన తిథి అది. సాధారణంగా జనవరిలో, కొన్నేళ్లు ఫిబ్రవరి మొదట్లో వస్తుంది. ఆ రోజు ఆయన సమాధి ఉన్న తిరువయ్యారులో పాడినట్టే ఇక్కడా చాలాచోట్ల పంచరత్న కీర్తనలు గోష్ఠిగా పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలు, ఎప్పుడూ అదే వరస. నాటలో ఉన్న మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగే కాబట్టి మాట మాటా అర్థమవుతుంది. గోష్ఠి గానంలో గొప్ప విషయం ఏమిటంటే, వచ్చినవాళ్లు ఎవరైనా కలిసి పాడొచ్చు. మొదటి వరసలో పేరున్న విద్వాంసులు, వెనక వరసల్లో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు, రిటైరైన టీచర్లు, గృహిణులు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని అమ్మగారు కూడా గొంతు కలపొచ్చు. నేను మొదటిసారి అలా కూర్చున్నప్పుడు ఆరభి చరణాల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకు వినబడలేదు, మొత్తం హాలే పాడుతున్నట్టు అనిపించింది. కచేరీ వినడం వేరు, ఇది వేరు.

ఇక మూడోది, మీకు వెంటనే పనికొచ్చేది, చలికాలం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈ నగరానికి అసలు సీజన్. ఎండ ఉండదు, వాన ఉండదు, ఆరుబయట వేదికలన్నీ వాడుకోవచ్చు, విదేశాల్లో ఉండే కళాకారులు సెలవులకు వచ్చేదీ అప్పుడే. నవంబర్ ఆఖరున పండిత్ మోతీరామ్, పండిత్ మణిరామ్ సంగీత సమారోహ్ ఉంటుంది. హిందుస్తానీ గాయకుడు పండిత్ జస్‌రాజ్ గారు తన తండ్రి, అన్న పేరిట నిర్వహించిన ఈ సభ 1972 నుంచి జరుగుతోంది. తండ్రి మోతీరామ్ గారు 1934లో, నిజాం ఆస్థాన విద్వాంసుడిగా నియమితులు కావాల్సిన రోజునే కన్నుమూశారు. నాలుగేళ్ల పిల్లాడిగా తండ్రిని పోగొట్టుకున్న ఊరికే జస్‌రాజ్ గారు జీవితాంతం ఏటా వచ్చి పాడారు. 2020లో ఆయన వెళ్లిపోయారు. ఆ సభలో కూర్చున్నప్పుడల్లా నాకు ఈ కథ గుర్తొస్తుంది. హిందుస్తానీ ఎప్పుడూ వినకపోయినా పర్వాలేదు. మొదటి ఇరవై నిమిషాలు ఆలాపన నెమ్మదిగా సాగుతుంది, అక్కడ లేచి వచ్చేయకండి.

అదే నెలల్లో ఖాదర్ అలీ బేగ్ నాటకోత్సవం, మాదాపూర్ వైపు స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ ఉంటాయి. 2015 నుంచి జరుగుతున్న ఈ ఫొటో ప్రదర్శన మీ ఇంటికి దగ్గర, వారాల పాటు ఉంటుంది, ప్రవేశం ఉచితం. ఒక ఆదివారం పొద్దున జనం లేనప్పుడు వెళ్లండి. డిసెంబర్‌లో శిల్పారామంలో హస్తకళల మేళా. చేర్యాల నకాశీ బొమ్మలు, పెంబర్తి ఇత్తడి, పోచంపల్లి ఇక్కత్, కరీంనగర్ వెండి తీగ పని అన్నీ అక్కడ కనిపిస్తాయి. చేర్యాల పటం కొనేముందు తయారుచేసిన మనిషితో పది నిమిషాలు మాట్లాడండి. ఇవాళ గోడకు తగిలించుకునే ఆ బొమ్మ ఒకప్పుడు మూరల కొద్దీ పొడుగున్న గుడ్డ మీద గీసిన కథ. కూనపులివాళ్లు పద్మశాలీల ముందు మార్కండేయ పురాణం చెప్తూ ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుకుంటూ పోయేవారు. ఈ సంగతి తెలిశాక మా ఇంట్లో ఉన్న చిన్న ముక్కను చూసే తీరే మారిపోయింది.

పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబర్ రెండో సగంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతుంది. 2023 చివర్లో జరగాల్సింది మాత్రం 2024 ఫిబ్రవరిలో జరిగింది, మళ్లీ ఆ డిసెంబర్‌లోనే తర్వాతది వచ్చింది. అందుకే నేను చెప్పే నెలలన్నీ గుర్తుగా పెట్టుకుని, తేదీ మాత్రం ఆ ఏడాది ప్రకటన చూసి ఖాయం చేసుకోండి. సాయంత్రాలు అక్కడి వేదిక మీద పుస్తకావిష్కరణలు, చర్చలు, పాటలు ఉంటాయి. జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ప్రదర్శన మొదలవుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై 1946లో ఇప్పటి మైదానానికి వచ్చింది. మీరు దాన్ని షాపింగ్ అనుకుంటారేమో, అక్కడ ముషాయిరా, అంటే ఉర్దూ కవి సమ్మేళనం కూడా జరుగుతుంది. ఉర్దూ పూర్తిగా రాకపోయినా వెళ్లండి. కవి ఒక పాదం చదివి ఆగుతాడు, జనం దాన్నే మళ్లీ అడుగుతారు, ఆయన మళ్లీ చదువుతాడు, అప్పుడు రెండో పాదం పడుతుంది. మన పద్యం వినే అలవాటున్నవాళ్లకి ఆ ఆగడంలోని రుచి తెలుస్తుంది. జనవరి చివర్లో హైదరాబాద్ సాహిత్యోత్సవం, 2010లో మొదలైంది. ఈ మధ్య మీ వైపే, రాయదుర్గం నాలెడ్జ్ సిటీలో జరుగుతోంది. పిల్లలకు వేరుగా కార్యక్రమాలుంటాయి, టికెట్ లేదు.

ఇప్పుడు చోట్ల గురించి. రవీంద్రభారతి అందరికీ తెలుసు, టాగోర్ శతజయంతి సందర్భంగా 1961లో కట్టింది. పెద్ద హాలు మాత్రమే చూసి వచ్చేస్తారు చాలామంది. అదే ఆవరణలో పైడి జైరాజ్ పేరుతో చిన్న ప్రివ్యూ థియేటర్ ఉంది. కరీంనగర్‌లో పుట్టి బొంబాయి వెళ్లి మూకీల కాలంలోనే హీరో అయిన ఆయన పేరు అది. షార్ట్ ఫిల్మ్‌లు, పాత సినిమాల మీద చర్చలు అక్కడ జరుగుతాయి. కొండాపూర్ నుంచి రాయదుర్గం మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారి లక్డీకాపూల్‌లోనో అసెంబ్లీలోనో దిగితే నడకే. సాయంత్రం ఆరింటి కార్యక్రమానికి కారులో బయల్దేరి ట్రాఫిక్‌లో టెన్షన్ పడటం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

నన్ను ఒక్క చోటే చెప్పమంటే మాత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభ పేరు చెప్తాను. 1966 నుంచి ఉంది. పెద్ద హంగులుండవు, కానీ ఏడాదిలో చాలా సాయంత్రాలు అక్కడ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. మెట్రో గ్రీన్ లైన్‌లో చిక్కడపల్లి స్టేషన్ దగ్గర, మీరు పరేడ్ గ్రౌండ్స్ దగ్గర మారాలి. ఏమీ తెలుసుకోకుండా, ఎవరినీ అడక్కుండా వరసగా నాలుగు శనివారాలు అక్కడికి వెళ్లి కూర్చోండి. ఒకరోజు నాట్యం, ఒకరోజు సినిమా పాటలు, ఒకరోజు సాహిత్య సభ తగులుతాయి. ఐదో వారానికి మిమ్మల్ని పలకరించేవాళ్లు ఉంటారు. అసలు సమాచారం వచ్చేది వాళ్ల నుంచే. బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర నిర్వాహకుల్లో ఒకరి దగ్గరికి వెళ్లి, ‘అయ్యా, మీ కార్యక్రమాల వాట్సాప్ గ్రూపులో నా నంబరు కలపండి’ అని అడగండి. ఆ మాట అడిగే శ్రోత దొరకడం వాళ్లకి ఎంత సంతోషమో నాకు తెలుసు, నేను ఆ గేటు దగ్గర నిలబడ్డవాణ్ణే. అలా మూడు గ్రూపుల్లో చేరితే చాలు, ఒక గ్రూపు ఆహ్వానాలు ఇంకో గ్రూపులోకి వాటంతట అవే వస్తుంటాయి.

బంజారాహిల్స్‌లో లామకాన్ పూర్తిగా వేరే వాతావరణం. ఫొటోగ్రాఫర్ మొయిద్ హసన్ ఇంటిని 2010లో అందరికీ తెరిచారు. బండరాళ్లు, చెట్టు, టీ, సమోసా, మధ్యలో చిన్న వేదిక. హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు అన్నీ నడుస్తాయి. నెల కార్యక్రమాలు తమ వెబ్‌సైట్‌లో ముందే పెడతారు కాబట్టి మీ మొదటి ప్రశ్నకి అక్కడ మాత్రం నేరుగా జవాబు దొరుకుతుంది. అలాగే జర్మన్ వాళ్ల గోథే సెంటర్, ఫ్రెంచ్ వాళ్ల అలయన్స్ ఫ్రాన్సేజ్ అనే సాంస్కృతిక కేంద్రాల మెయిల్ జాబితాల్లో చేరండి. దినపత్రికల నగర సంచికలో ‘నగరంలో నేడు’ లాంటి చిన్న శీర్షిక ఉంటుంది. పొద్దున్నే ఆ నాలుగు లైన్లు చదివే అలవాటు చేసుకోండి. ఆన్‌లైన్‌లో వెతికినా దొరకనివి అందులో ఉంటాయి.

ఇక అమ్మగారి సంగతి. పద్యాలంటే ప్రాణం అన్నారు కాబట్టి అష్టావధానం చూపించండి. మీకూ చెప్తున్నాను, ఇది మరే భాషలోనూ ఇంతలా వేళ్లూనుకోలేదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి దీన్ని జనంలోకి తెచ్చారు. వేదిక మీద అవధాని ఒక్కరు, చుట్టూ ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు నాలుగు కూరగాయల పేర్లిచ్చి అవి వచ్చేలా మహాభారత కథ మీద పద్యం చెప్పమంటారు, అది దత్తపది. ఒకరు చూడటానికి అసంబద్ధంగా ఉన్న చివరి పాదం ఇచ్చి మిగతా మూడు పాదాలతో దానికి అర్థం కల్పించమంటారు, అది సమస్య. నిషిద్ధాక్షరి అన్నిటికంటే కష్టం: అవధాని ఒక అక్షరం చెప్పగానే తర్వాత రాగల అక్షరాన్ని ఊహించి పృచ్ఛకుడు ‘అది వద్దు’ అంటాడు. ఆయన దారి మార్చుకుని ఇంకో అక్షరం వేస్తాడు, మళ్లీ నిషేధం. ఇవన్నీ నడుస్తుండగానే ఒకరు గంట కొడుతుంటారు, ఎన్నిసార్లు కొట్టారో లెక్క పెట్టాలి. ఇంకొకరు సంబంధం లేని ప్రశ్నలతో ధ్యాస మళ్లిస్తుంటారు. దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటారు, హాలంతా నవ్వేది అక్కడే, మీ పాపకి నచ్చేదీ అదే.

ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో రౌండులో, ఒక్కో పద్యానికి ఒక్క పాదమే చెప్తారు. నాలుగు ఆవృత్తులు తిరిగాక, కాగితం లేకుండా, పద్యాలన్నీ మొదటి నుంచి చివరిదాకా వరసగా అప్పజెప్తారు. దాన్ని ధారణ అంటారు. మూడో ఆవృత్తి తర్వాత ‘ఆలస్యమైంది’ అని లేచి వెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మూడు గంటలుగా ముక్కలు ముక్కలుగా విన్నది ఒక్కసారిగా పద్యమై నిలబడే ఘట్టం అది. ఉగాది ముందు వెనకల, తెలుగు భాషా దినోత్సవం చుట్టూ అవధానాలు ఎక్కువ. చలికాలంలోనూ జరుగుతుంటాయి. గానసభ గ్రూపులో ఉంటే మీకు తప్పకుండా తెలుస్తుంది.

నాటకానికి సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన కుటుంబ నాటక సమాజం ఇది. బయట ఆడవేషాలు మగవాళ్లే వేస్తున్న రోజుల్లో వీళ్ల ఇంటి ఆడవాళ్లు రంగస్థలం ఎక్కారు. లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది, అంటే మీ కొండాపూర్‌కి పక్కనే. వాళ్ల మాయాబజార్ ఎక్కడ వేసినా పాపనీ అమ్మగారినీ కలిపి తీసుకెళ్లండి. లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తాయి, మనుషులు గాల్లోకి లేస్తారు, తెర లేచి పడేలోగా అడవి అంతఃపురం అవుతుంది. అంతా తీగలు, కప్పీలు, బొమ్మ తెరలు, వాటి వెనక నిలబడ్డ మనుషుల చేతులు. మధ్య వరసల్లో కూర్చుంటే బాగా కుదురుతుంది. ఆట అయ్యాక అనుమతి అడిగి పాపని తెర వెనక్కి తీసుకెళ్లి చూపించండి. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు అలా చూపించాను. ఇప్పుడు వాడు సౌండ్ ఇంజనీరు, ఆ సాయంత్రం గురించి ఇప్పటికీ చెప్తాడు.

పిల్లలతో వెళ్లొచ్చా అని అడిగారు. వెళ్లొచ్చు, మొత్తం కూర్చోబెట్టాలని పట్టుబట్టకండి. చివరి కుర్చీల్లో, తలుపు దగ్గర కూర్చోండి. ఓ గంట విన్నాక పాప కదిలితే, పాటకీ పాటకీ మధ్య బయటికి వెళ్లిపోండి, పాడుతుండగా వద్దు. శిల్పారామంలో శని, ఆదివారాల సాయంత్రం ఆరుబయట జరిగే నాట్య ప్రదర్శనలు పిల్లలకు బాగుంటాయి. తన ఈడు పిల్లలే వేదిక మీద గజ్జె కట్టి కనిపిస్తారు. పేరిణి ఎక్కడైనా ఉంటే మాత్రం ప్రత్యేకంగా తీసుకెళ్లండి. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల నాటి జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి చదివి, రామప్ప గుడి శిల్పాల భంగిమలు చూసి మళ్లీ ప్రాణం పోసిన నాట్యం అది. చూశాక వచ్చే సెలవుల్లో రామప్ప వెళ్తే ఆ శిల్పాలను పాపే గుర్తుపడుతుంది. పగటిపూట అయితే సాలార్‌జంగ్ మ్యూజియం, శుక్రవారం సెలవు. పన్నెండు కొట్టే వేళకి అక్కడి సంగీత గడియారం ముందు ఉండేలా చూసుకోండి.

సమయాల గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి నలుగురు స్నేహితుల్ని బతిమాలి కూచిపూడి నృత్యనాటకానికి తీసుకెళ్లాను. ఆహ్వానంలో ఆరు గంటలని ఉంది. సభ మొదలైంది ఆరున్నరకి, ప్రసంగాలు, సన్మానాలు అయ్యేసరికి ఎనిమిదింపావు. స్నేహితులు వెళ్లిపోయారు. ఐదింటి నుంచి ఆహార్యంతో కూర్చున్న పిల్లలు నలభై నిమిషాలు ఆడి ముగించాల్సి వచ్చింది. ఆ పిల్లల ముఖాలు నేను మర్చిపోలేదు. తర్వాత మా సంస్థలో పట్టుబట్టి ప్రదర్శన ముందు, సభ తర్వాత అని మార్పించాను. మీరు ఆహ్వానం చూసేటప్పుడు కింద అతిథుల పేర్లు లెక్కపెట్టండి. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సన్మాన గ్రహీత అంటూ ఎనిమిది పేర్లుంటే మనిషికి పది నిమిషాలు వేసుకుని బయల్దేరండి. రెండే పేర్లుంటే మాత్రం చెప్పిన వేళకే వెళ్లండి. కర్ణాటక కచేరీలు చాలావరకు సమయానికే మొదలవుతాయి.

కచేరీకి వెళ్తే ఒక్క మనవి. తని ఆవర్తనం, అంటే పాట ఆపి తాళవాద్యం మాత్రమే వాయించే ఘట్టం వచ్చినప్పుడు కాఫీకి లేవకండి. రెండు గంటలుగా పాట వెనక ఉన్న మృదంగం కళాకారుడికి ఆ పది నిమిషాలే సొంతం. సగం హాలు లేచి వెళ్లడం ఆయన వేదిక మీద నుంచి చూస్తూనే ఉంటాడు. అలాగే ఉచిత కార్యక్రమమైతే చివర్లో నిర్వాహకులకి మీకు తోచినంత ఇవ్వండి. మైకుకీ హాలుకీ డబ్బు కట్టాక పక్కవాద్యాల వాళ్లకి మిగిలేది చాలా తక్కువ.

ఇంకొకటి, నగరం దాటి. సంక్రాంతి తర్వాత వచ్చే మొదటి ఆదివారం కొమురవెల్లి మల్లన్న జాతరలో పట్నం వారం. పట్నం అంటే హైదరాబాదే, ఇక్కడివాళ్లు పోయే వారం కాబట్టి ఆ పేరు. మరుసటి ఆదివారం లష్కర్ వారం. ఉగాది దాకా ప్రతి ఆదివారం జాతరే. రవీంద్రభారతిలో ఒగ్గుకథ అనే జానపద కథాగానం గంటసేపు చూసినవాళ్లు అక్కడ చూస్తే తేడా తెలుస్తుంది. పసుపు, కుంకుమ, రంగు పిండ్లతో నేల మీద ‘పట్నం’ అనే పెద్ద ముగ్గు వేసి, డోళ్లు కొడుతూ, మొక్కున్న కుటుంబం ఎదురుగా కూర్చుని ఉండగా మల్లన్న కథ చెప్తారు. సిద్దిపేట జిల్లా, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. జనం బాగా ఉంటారు, అమ్మగారితో అయితే తర్వాతి ఆదివారాల్లో ఒకటి చూసుకోండి.

అమ్మగారు వచ్చే తేదీ, ఎన్నాళ్లు ఉంటారో కింద రాయండి. ఆ రోజుల్లో మా గ్రూపుల్లోకి వచ్చిన ఆహ్వానాల్లో సురభి, అవధానం, ఆరాధన గోష్ఠి ఎక్కడ పడుతున్నాయో చూసి ఇక్కడే చెప్తాను. ఆరాధన గోష్ఠికి వెళ్తే మాత్రం పంచరత్నాల పుస్తకం పెద్దక్షరాలది తీసుకోండి. హాల్లో వెలుతురు తక్కువగా ఉంటుంది.